చిట్కా నిరపాయమను వాదము

వేసంగి ముదిరి మామిడిపిందె టెంకగట్టునాటికి మన వారపత్రికల గృహశీర్షికలయందును, టెలివిజను ప్రసారములయందును, ఒకరి సెల్‌ఫోనునుండి మరియొకరి సెల్‌ఫోనునకు ప్రాకిపోవు సందేశములయందును ఏటేట ఒకే విధమైన ఉపదేశములు వెలువడుచుండును. దోమలకు వేపాకు పొగ వేయవలెను. గడపయొద్ద తులసికుండీ నుంచవలెను. నిమ్మచెక్కలో లవంగములు గ్రుచ్చి పడకప్రక్కన పెట్టవలెను. గిన్నెడు నీట కర్పూరపుబిళ్లలు వేసి గది మూలల నుంచవలెను. తేలు కుట్టినచో చింతగింజ నరగదీసి కాటుపై నంటింపవలెను. ఎండలో పోవునపుడు జేబులో నీరుల్లిగడ్డ వేసికొనవలెను. వీనిని వ్రాయువారు సద్బుద్ధితోనే వ్రాయుచున్నారు. చదువువారు విశ్వాసముతోనే ఆచరించుచున్నారు. కావుననే ఈ ఉపదేశములన్నిటికిని ఆధారభూతమైయున్న వాదమును సూటిగా పరీక్షింపవలసియున్నది.

ఆ వాదమును ఎవ్వరును విస్పష్టముగా ప్రతిపాదింపరు. అందరును అంగీకరించినట్లు మాత్రము ప్రవర్తింతురు. ప్రకృతి ఇచ్చినది గావున ఇది హాని చేయదనియు, పెద్దలు వాడినది గావున ఇది పనిచేయుననియు, ఖర్చులేనిది గావున ప్రయత్నించి చూచుటవలన పోవున దేమియు లేదనియు దాని సారాంశము. ఇది నేడెంత ప్రబలియున్నదనగా, దీనిని ప్రశ్నించువాడు మరుక్షణమే స్వదేశవిద్యకు ద్వేషిగానో, మందుల కంపెనీలకు వకాల్తా పుచ్చుకొన్నవాడుగానో పరిగణింపబడును. నేను వేపను, మజ్జిగను, దోమతెరను హృదయపూర్వకముగా గౌరవించువాడను. ఆ గౌరవముచేతనే ఈ వాదము తప్పనియు, అది మన ఇండ్లలో, అందును పసిబిడ్డలున్న ఇండ్లలో, ప్రాణములమీదికి తెచ్చుచున్నదనియు చెప్పదలచితిని.

ప్రకృతిసిద్ధమైనది హాని చేయదనుట మన ఊరి పొలిమేరల నెరిగినవాడు అనదగిన మాట కాదు. గన్నేరుకాయయు, ఉమ్మెత్తగింజయు, ఒంటిమీద పడినచో బొబ్బలెక్కించు జీడిసొనయు, తేలుకొండిలోని విషమును ప్రకృతి ఇచ్చినవే. ఇంట పూజకు వాడు కర్పూరమునే తీసికొందము. చిన్న బిళ్ల మ్రింగినను పసివారికి కొలది నిమిషములలోనే మూర్ఛలు రావచ్చునని శిశువైద్యులకు తెలియును. అట్టి వస్తువును ప్రాకాడు బిడ్డ తిరుగు గదిలో, నేలమీద, నీళ్లగిన్నెలో వేసి యుంచుమని చెప్పుట ఎంతటి సాహసమో చెప్పువారు ఒక్కమారైన ఆలోచించినట్లు కానరాదు. పైగా నేడు బజారులో దొరకు పూజాకర్పూరము చాలవరకు టర్పెంటైను తైలమునుండి కర్మాగారములలో తయారగుచున్నదే. ప్రకృతిసిద్ధమను పేరైనను దానికి పూర్తిగా చెల్లదు. వేపనూనె సంగతియు నిట్టిదే. పసిబిడ్డల చిన్న రుగ్మతలకు కొలదిగా వేపనూనె త్రాగించు అలవాటు కొన్ని కుటుంబములలో కలదు. అట్లు త్రాగిన శిశువులకు వాంతులు, మగత, మూర్ఛలు కలిగి కాలేయమును మెదడును దెబ్బతినుటను మలేషియా వైద్యులు 1981లో లాన్సెట్ వైద్యపత్రికయందు ప్రకటించిరి. ఇది వేపయొక్క నింద కాదు. చెట్టున ఔషధమున్నచోటనే విషమును ఉండుననియు, రెంటిని వేరుచేయునది మోతాదనియు ఆయుర్వేదము చదివిన ఏ వైద్యుడైనను అంగీకరించును. మోతాదు లేని చిట్కాను ఆ వైద్యుడైనను సమర్థింపడు.

పొగ విషయమున కొంత విస్తరించి చెప్పవలసియున్నది. ఏలయన, వేసవి చిట్కాలన్నిటిలోను ఎక్కువ ఆదరము గలది వేపాకు పొగయే. దోమలచుట్టలోని రసాయనములకు భయపడి దానిని విడిచి వేపాకు కాల్చువారు అనేకులు కలరు. ఆ చుట్టకు భయపడుట సమంజసమే: ఒక చుట్ట పూర్తిగా కాలినపుడు వెలువడు అతిసూక్ష్మధూళి 75 మొదలు 137 సిగరెట్ల ధూళికి సమానమని 2003లో ప్రకటితమైన ఒక పరిశోధన నిర్ణయించినది. కాని ఈ ధూళి చుట్టలోని కీటకనాశినివలన పుట్టినది కాదు; రంపపుపొట్టు మొదలగు ఇంధనము నిదానముగా రగులుటవలన పుట్టినది. పచ్చి వేపాకు పిడకలమీద రాజినపుడును అట్టి ధూళియే పుట్టును, ఊపిరితిత్తులలో అంత లోతునకే పోవును. ఉబ్బసపురోగికి గాని నెలల బిడ్డకు గాని ఆ ధూమము ఏ చెట్టునుండి వచ్చినదను భేదము లేదు. పైగా ఆ చుట్టయే మొదట ప్రకృతిసిద్ధమైన వస్తువు: 19వ శతాబ్ది చివర జపానులో దానిని చేయుటకు మొదలిడినపుడు అందు వేసినది చేమంతిజాతికి చెందిన పైరేత్రము పువ్వుల పొడియే. నేటి చుట్టలలోని అలెత్రిను వంటి మందులు ఆ పువ్వులోని గుణమును అనుకరించి చేసినవి. ప్రకృతి యొకవైపునను రసాయన మొకవైపునను నిలిచి పోరాడుచున్నవని తలచువారు ఈ చరిత్రను గమనింపవలెను.

మన తాతలు పొగ వేయలేదా యని అడుగుదురు. వేసిరి. కాని ఎక్కడ వేసిరి? పశువులకొట్టములో వేసిరి, నాలుగువైపుల తెరిచియున్న చావడిలో వేసిరి, గోడకును చూరుకును నడుమ జానెడు సందున్న పూరింటిలో వేసిరి. పొగ దోమను కొంతసేపు తరిమి, తానును సందులగుండ వెలికిపోయెడిది. నేడు మనము అద్దపుకిటికీలు మూసి, తలుపుక్రింద గుడ్డ పెట్టి, పది అడుగుల గదిలో ఉయ్యాలలోని బిడ్డప్రక్కన అదే పొగను నింపుచున్నాము. ఇల్లు మారినపుడు ఆచారము కూడ మారవలెనని ఆ తాతలే బ్రదికియున్నచో మనకు చెప్పియుందురు.

పెద్దలు వాడిరి గావున పనిచేయుననుటలో మరియొక దోషమున్నది. అనుభవము తాను చూడగలిగినదానినే చెప్పగలదు. మన్యపు జ్వరము చెడుగాలివలననో చెడునీటివలననో వచ్చునని తరతరముల అనుభవశాలురు నమ్మియుండిరి. పొగకు కట్టెలకు కొరతలేని కొండగ్రామములలోనే ఆ జ్వరము జనులను పీల్చివేసినది. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే రోనాల్డ్ రాస్ ఒక అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనువరకు దోమకును ఆ జ్వరమునకును గల సంబంధము ఋజువు కాలేదు. దోమలన్నియు ఒక్కటి కావనియు, ఒక్కొక్కటి ఒక్కొక్క నీటిని, ఒక్కొక్క వేళను కోరుననియు లోకమునకు తెలిసినది ఆ తరువాతనే. మురుగుకాలువలలో పెరిగి రాత్రులందు కుట్టి బోదకాలును వ్యాపింపజేయు క్యూలెక్సు దోమ ఒకటి. మంచినీటి తొట్లలో పెరిగి పట్టపగలు కుట్టి డెంగీని, చికున్‌గున్యాను మోసికొనివచ్చు ఈడిస్ దోమ మరియొకటి. ఈడిస్ ఎక్కువగా కుట్టునది ప్రొద్దుపొడిచిన తరువాత కొన్ని గంటలును, ప్రొద్దుగ్రుంకుటకు ముందు కొన్ని గంటలును. దీపాలవేళ పొగ వేసి తలుపు మూసికొను గృహస్థు, ఆ దోమ తనపని ముగించుకొని పోయిన తరువాత యుద్ధమునకు బయలుదేరుచున్నాడు. 2005-06లో చికున్‌గున్యా ఆంధ్రదేశమును కుదిపినపుడు ఇంటింట కీళ్లు పట్టుకొని మూలిగినవారిలో ప్రతి సాయంకాలమును పొగవేసికొన్నవారు తక్కువయై యుండరు.

ఇక తులసికుండీ, లవంగముల నిమ్మచెక్క, వెల్లుల్లి తినుట మొదలగువానిని గూర్చి. తులసి ఆకునుండి తీసిన తైలమునకు దోమను వికర్షించు గుణము కొంత కలదు. అది నిజమే. కాని కుండీలో నిలిచియున్న మొక్కనుండి గదిలోని గాలిలోనికి వెలువడు పరిమళము దోమను ఆపుటకు చాలదు. వెల్లుల్లి తినుటవలన దోమలు కుట్టుట తగ్గునా యని పరీక్షించిన చోట తగ్గలేదు. 2002లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అను పత్రికలో వెలువడిన ఒక పరిశోధనయందు చేతికి మందు పూసికొని దోమల పెట్టెలో నుంచి తొలికాటు పడువరకు కాలమును లెక్కించిరి: సుమారు 24 శాతము డీట్ అను మందుగల లేపనము అయిదు గంటలు కాపాడెను, సోయాచిక్కుడునూనెతో చేసినది గంటన్నర కాపాడెను, సిట్రొనెల్లా గడ్డినూనెతో చేసినవానిలో పెక్కు ఇరువది నిమిషములైనను నిలువలేదు, చేతికి కట్టుకొను కంకణములు కాపాడనే లేదు. ఇందు ప్రకృతిసిద్ధమైన సోయానూనె గంటన్నర నిలుచుట గమనింపదగినది. నిమ్మవాసనగల ఒక యూకలిప్టసు జాతి ఆకునుండి తీసి శుద్ధిచేసిన పీయండీ అను ద్రవ్యము డీట్‌తో పోల్చదగినంతగా పనిచేయునని వైద్యసంస్థలు అంగీకరించినవి. అయినను మూడేండ్లలోపు పిల్లలకు దానిని పూయవలదనియు చెప్పినవి. మన అంగళ్లలో జలుబునకు అమ్ము నీలగిరి తైలము వేరు జాతి చెట్టుది. దానిని పూసికొని ఇదియు అదే యనుకొనరాదు. ఆకునుండి వచ్చినదా, యంత్రమునుండి వచ్చినదా యని పుట్టుక నడుగుట నిష్ప్రయోజనము. ఎంతసేపు కాపాడును, ఎవరికి పనికిరాదు అని అడుగుట ప్రయోజనకరము.

స్వదేశపు మూలికలను ఈ విధముగా ప్రశ్నించుట వానికి అవమానమని భావించువారు పునుకుల గ్రామమును తలచుకొనవలెను. నాటి ఖమ్మము జిల్లాలో పాల్వంచ సమీపముననున్న ఆ యూరి రైతులు ప్రత్తికిని మిరపకును కొట్టిన పురుగుమందులచేత అప్పులపాలై, ఈ శతాబ్ది తొలి సంవత్సరములలో ఆ మందులను విడిచివేసి, వేపగింజల కషాయము, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయము మొదలగువానితో పంటను నిలుపుకొనిరి. ఇవి ఇంటిచిట్కాలే కదా యని అనవచ్చును. కాని ఆ రైతులు వానిని చిట్కాలుగా వాడలేదు. పొలమున ఏ పురుగున్నది, గ్రుడ్డు దశలో నున్నదా, పిల్లపురుగు దశలో నున్నదా యని చూచుకొనిరి. లింగాకర్షక బుట్టలు కట్టి రెక్కలపురుగుల రాకను కనిపెట్టిరి. వేపగింజల కషాయమనగా 5 కిలోల గింజలపొడికి 100 లీటర్ల నీరని లెక్క యున్నది. దానిని సాయంకాలమందే చల్లవలెనని నియమమున్నది. ఏలయన, వేపలోని అజాడిరక్టిను ఎండకు చెడిపోవును. అది ముట్టినంతనే పురుగును చంపదు. పురుగు తిండి మానివేయును, కుబుసము విడువలేక నశించును. కావున తొలిదశలోని పురుగుపైననే అది బలముగా పనిచేయును. ఇంత తెలిసికొని వాడినందుననే వేప వారిని కాపాడినది. 1942లో సలీముజ్జమాన్ సిద్దిఖీ వేపనూనెనుండి నింబినును వేరుచేసి చూపినదియు, వేపనూనె శిలీంధ్రములను అరికట్టు గుణముపై ఒక విదేశీ కంపెనీ ఐరోపాలో పొందిన పేటెంటు 2000లో రద్దయి 2005లో ఆ తీర్పు స్థిరపడినదియు మనకు గర్వకారణములే. వేపను శాస్త్రముగా చూచినవారివలననే ఈ గౌరవము దక్కినది. వేపాకు నిప్పులమీద వేసి కన్నులు మూసికొనువారివలన దక్కలేదు.

మూడవ మాట, ప్రయత్నించి చూచుటవలన పోవున దేమియు లేదనునది, నా దృష్టిలో ఈ మూటిలోను అత్యంత ప్రమాదకరమైనది. పోవునది శ్రద్ధ, పోవునది కాలము. రెండుమూడు దినముల కొకమారు కుళాయి వచ్చు మన పట్టణములలో వేసవి వచ్చినతోడనే ప్రతి ఇంటను సిమెంటుతొట్టి, ప్లాస్టిక్కు డ్రమ్ము, బిందెలు నింపి పెట్టుదురు; కూలరు అడుగున నీరు నిలువయుండును; రిఫ్రిజిరేటరు వెనుక పళ్లెములో నీరూరును; త్రాగి పారవేసిన కొబ్బరిబొండములలోను, మేడమీది పాతటైర్లలోను తొలివానకు నీరు చేరును. ఈడిస్ దోమకు కావలసినది ఇదియే. గ్రుడ్డునుండి రెక్కలదోమ యగుటకు దానికి వారము పదిదినములు చాలును. తొట్టిలోని నీరు పారబోసినంత మాత్రమున చాలదు. ఆ దోమ నీటి అంచునకు పైన తొట్టిగోడకు గ్రుడ్ల నంటించిపోవును. అవి నెలల తరబడి ఎండియుండియు, మరల నీరు తగిలినంతనే పగులును. కావున వారమున కొకమారు తొట్టిని వట్టిచేసి, గోడలను పీచుతోనో బ్రష్షుతోనో రుద్ది కడిగి, ఎండబెట్టి, మరల నింపి, గుడ్డకట్టియో మూతపెట్టియో ఉంచవలెను. మన ఆరోగ్యశాఖవారు శుక్రవారమును ఇందుకొరకే డ్రై డేగా పాటింపుమని చెప్పుచున్నారు. ఇంతకు మించిన గృహవైద్యము దోమకు లేదు. దీనికి పైసా ఖర్చు లేదు. ఇది పరిశుద్ధముగా స్వదేశీయము. మన ముత్తవ్వలు నీళ్లకుండను తోమి బోర్లించినది ఈ సంప్రదాయమే. కాని తొట్టిని రుద్దుమని చెప్పిన వ్యాసమునకు లవంగములు గ్రుచ్చిన నిమ్మచెక్క బొమ్మకున్న ఆకర్షణ లేదు. దోమలను తరుమునను ఆశతో తెచ్చిపెట్టిన తులసికుండీ క్రింది పళ్లెములోనే నీరు నిలిచి ఈడిస్ పిల్లలు పెరుగుచున్న ఇండ్లు మన నగరములలో ఎన్నియో కలవు. చేయవలసినపని చేయకుండ, చేసితిమను తృప్తిని ఇచ్చుటయే చిట్కా చేయు గొప్ప హాని.

కాలము పోవుటవలని హాని తేలుకాటునందు స్పష్టముగా కనబడును. చింతగింజ నరగదీసి అంటించిన తరువాత నొప్పి తగ్గినదని సాక్ష్యము చెప్పువారు ప్రతి ఊరను కలరు. వారు అబద్ధము చెప్పుటలేదు. తేలుకాట్లలో అధికభాగము కొన్నిగంటలలో తమంతట తామే శమించును. చింతగింజ అంటించినను, నీరుల్లి రుద్దినను, మంత్రము వేసినను, ఏమియు చేయకున్నను శమించును. ఆ శమనపు కీర్తి చేతికి దొరకిన చిట్కాకు దక్కుచున్నది. కాని మన దక్కనులోను, కొంకణములోను తిరుగు ఎర్రతేలు అట్టిది కాదు. దాని విషము హృదయమును పట్టును. చెమటలు పోసి, వాంతులై, కాలుచేతులు చల్లబడి, ఊపిరితిత్తులలో నీరుచేరి పిల్లలు గంటలలో మరణింతురు. మహారాష్ట్రలోని మహాడ్ అను చిన్నపట్టణమున పనిచేసిన వైద్యుడు హిమ్మత్‌రావు బావస్కర్ 1980 దశకమున, రక్తపుపోటునకు వాడు ప్రాజోసిను అను చవుకమాత్రతో ఈ రోగులను నిలువబెట్టవచ్చునని చూపెను. అంతకుముందు తీవ్రమైన కాట్లలో నూటికి ముప్పదివరకు పోవుచుండిన ప్రాణములు అటుతరువాత బహుస్వల్పముగా మాత్రమే పోయినవి. ఆ మాత్ర ఎంత త్వరగా పడిన అంత మేలు. చింతగింజ అరగదీయుటలోను, మంత్రగానికై ఎదురుచూచుటలోను గడచిన గంట ఆ బిడ్డకు చెందవలసిన గంట. అది పోయినది, పోవున దేమియు లేదనువారు దీనికి సమాధానము చెప్పవలెను.

పాముకాటున ఇంకను చెప్పనక్కరలేదు. 2000 నుండి 2019 వరకు మనదేశమున ఏటేట సగటున 58 వేలమంది పాముకాటునకు బలియైరని పరిశోధకులు అంచనా వేసిరి. వారిలో అధికసంఖ్యాకులు పల్లెవాసులు. వేసవిరాత్రులు ఆరుబయట నేలమీద చాపవేసికొని పడుకొన్నవారిని కట్లపాము కరచినపుడు నొప్పియు ఉండదు, గాటును సరిగా కానరాదు; తెల్లవారుసరికి రెప్పలు వ్రాలి, మాట తడబడి, ఊపిరి ఆగును. కోయుట, పీల్చుట, బిగించి కట్టుట, పసరుపోయుట అన్నియు హానికరములే. కాటుపడిన అవయవమును కదలనీయక, విషవిరుగుడు మందున్న ఆసుపత్రికి తరలించుటయే కర్తవ్యము. మంచముపై పడుకొని, దోమతెర అంచులను పరుపుక్రిందికి చెక్కికొన్నవానికి దోమయు, తేలును, కట్లపామును మూడును దూరమే. ఇంత సులభమైన రక్షణము మన ఇంటనే యుండగా చిట్కాలకై వెదకుట ఏల?

వడదెబ్బకు జేబులో నీరుల్లి అనుదానిని గూర్చి ఒక్కమాట. 2015 మే నెలలో తెలుగురాష్ట్రములు రెంటిలోను వడగాడ్పులకు వేయిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. వారిలో కూలినాలి చేసికొని బ్రదుకువారు, వృద్ధులు ఎక్కువ. నీరుల్లి శరీరపు వేడిని తగ్గింపదు. ఉప్పువేసిన పలుచని మజ్జిగ, రాగిఅంబలి, చెట్టునీడ, మధ్యాహ్నము పనిమానుట, ఇవి తగ్గించును. ఇవియు మన పెద్దల ఆచారములే, వీనికి కారణము తెలియును, వీనిని నేను చేతులెత్తి సమర్థింతును. ఒళ్లు కాలిపోవుచు, మాట తప్పిన మనిషికి మాత్రము నోట మజ్జిగ పోయరాదు. అతని నీడకు చేర్చి, ఒడలంతయు తడిపి, విసరుచు ఆసుపత్రికి చేర్పవలెను. చెమటకాయలకును అదే తర్కము: స్వేదనాళములు మూసికొనిపోవుటవలన అవి పుట్టుచుండగా, చిక్కని నూనెలు, దట్టపు పూతలు వానిని మరింత మూయును, చన్నీటిస్నానమును, వదులైన నూలుబట్టయు చాలును.

పత్రికాసంపాదకులకు నా విన్నపము. మీరు ఒక చిట్కాను ప్రకటించునపుడు అది ఎంతసేపు పనిచేయునో, ఎవరికి తగదో, ఏ లక్షణము కనబడినంతనే దానిని విడిచి ఆసుపత్రికి పరుగెత్తవలెనో దానిక్రిందనే వ్రాయింపుడు. ఈ సంగతులు చెప్పలేనివాడు వ్రాసినదానిని, ఎంత ముచ్చటగా నున్నను, ప్రకటింపకుడు. ఇల్లాండ్రకును గృహస్థులకును నా విన్నపము. కర్పూరమును పిల్లలకందని యెత్తున నుంచుడు; పగలు నిద్రించు బిడ్డకును దోమతెర కట్టుడు; ఈ శుక్రవారము తొట్టిగోడలు రుద్దుడు. తేలుగాని పాముగాని కరచిన బిడ్డను ఏ పసరుకొరకును, ఏ గింజకొరకును ఒక్కనిమిషమైన ఇంట నిలుపక, 108కి కబురుచేసి ఆసుపత్రికి కొనిపొండు.